వదిన సంతకం

దుబాయిలో ఉండేవాళ్ళకి నైఫ్ గురించి వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. డేరా వైపు, గోల్డ్ సూక్‌కి దగ్గర్లో, బనియాస్ స్క్వేర్ మెట్రో దిగి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది. సెల్‌ఫోన్ షాపులు, బట్టల హోల్‌సేల్ కొట్లు, కార్గో ఆఫీసులు, ఒక్కో గదిలో ఆరేడు బెడ్‌స్పేసులు. సాయంత్రం పూట ఆ సందుల్లో పది నిమిషాలు నడిస్తే కనీసం మూడు యాసల తెలుగు చెవిన పడుతుంది. మధ్యలో నైఫ్ కోట. దుబాయ్ పోలీసు శాఖ 1956లో మొదలైనప్పుడు ఆఫీసు ఈ కోటలోనే ఉండేదట. ఇప్పుడు అందులో చిన్న మ్యూజియం ఉంది.

ఆ కోట దగ్గర ఒక కెఫెటీరియాలో కరక్ చాయ్ తాగుతుండగా పోయిన ఏడాది మా వదిన నా చేతిలో ఒక కాయితం పెట్టింది. దాని గురించి రాద్దామా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. "పేర్లు లేకుండా రాసుకో, ఎవరికైనా పనికొస్తుంది" అని వదినే అన్నాక ధైర్యం చేస్తున్నాను.

వదిన అంటే మా మేనత్త కూతురు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఏలూరులో జి.ఎన్.ఎం. చదివి, విజయవాడలో కొన్నాళ్ళు చేసి, సర్టిఫికెట్ల వెరిఫికేషనూ పరీక్షా అన్నీ దాటుకుని దుబాయి లైసెన్సు తెచ్చుకుంది. డేరా వైపే ఒక చిన్న క్లినిక్‌లో నర్సు. నేను ఎం.ఎస్. చేసి కంప్యూటర్ ముందు కూర్చుని సంపాదించేదాని కంటే, ఆవిడ నిలబడి సంపాదించేది ఎక్కువ కష్టార్జితం అని మా నాన్న ఇప్పటికీ అంటుంటాడు. నిజమే.

కాయితం మీద ఇంగ్లీషులో అరపేజీ టైపు చేసి ఉంది. కింద వదిన పేరు, లైసెన్సు నంబరు, సంతకానికి ఖాళీ. అందులో ఒక వాక్యం: రోగిని అలర్జీల గురించి అడిగాము, ఏమీ లేవని రోగి చెప్పాడు.

"ఇది నువ్వు రాశావా?" అన్నాను.

"మేనేజరు రాయించాడు. రేపు సంతకం పెట్టివ్వాలంట."

"నిజమేనా మరి?"

వదిన చాయ్ కప్పులోకి చూస్తూ చెప్పింది. ఆ రోజు నిజామాబాద్ వైపు కుర్రాడొకడు వచ్చాడు. కన్‌స్ట్రక్షన్ పని. జ్వరం, గొంతు నొప్పి. ఇంగ్లీషు రాదు, హిందీ అంతంతమాత్రం. బి.పి. చూస్తున్న వదిన తెలుగావిడ అని తెలిసి ప్రాణం లేచొచ్చింది. "అక్కా, చిన్నప్పుడు పెన్సిలిన్ సూది ఇస్తే ఒళ్ళంత దద్దుర్లు వచ్చినయ్, మల్ల అదే ఇయ్యరు గద" అన్నాడు. వదిన డాక్టరు గదిలోకి వెళ్ళి నోటితో చెప్పింది. డాక్టరు తల ఊపాడు. విన్నాడో, బయట కూర్చున్న నలభైమందిని తల్చుకున్నాడో తెలీదు. అదే కుటుంబానికి చెందిన ఇంజక్షన్ రాశాడు. ఇంకో నర్సు ఇచ్చింది. పది నిమిషాల్లో కుర్రాడి మొహం వాచిపోయింది, ఊపిరి అందలేదు. అడ్రినలిన్ ఇచ్చి అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపారు. రెండు రోజులు ఐ.సి.యు.లో ఉండి బతికాడు. అతని బాబాయి కొడుకు దుబాయ్ హెల్త్ అథారిటీకి ఫిర్యాదు పెట్టాడు.

"మరి కంప్యూటర్లో అలర్జీ అని ఉన్న గడిలో నువ్వేం రాశావు?"

"అదేగా నా ఖర్మ. టైపు చేద్దామనుకుంటుంటే ఇంకో పేషెంటు వాంతి చేసుకున్నాడు. అటు పోయా. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది."

అంటే చూడండి. జరిగింది తెలిసినవాళ్ళు ముగ్గురు. చెప్పిన కుర్రాడు, విన్న వదిన, తల ఊపిన డాక్టరు. కుర్రాడి మాట తెలుగులో ఉంది, దాన్ని అర్థం చేసుకున్నది ఆ క్లినిక్ మొత్తం మీద వదిన ఒక్కతే. నిజం చెప్తే డాక్టరు ఇరుక్కుంటాడు (మనిషి మంచివాడే, ఆ రోజంతా చేతులు వణుకుతూనే ఉన్నాయట), ఆ ఖాళీ గడి వల్ల తనూ ఇరుక్కుంటుంది. అబద్ధం మీద సంతకం పెడితే ఇద్దరూ గట్టెక్కుతారు. అబద్ధాలకోరుగా మిగిలేది ఆ కుర్రాడు.

ఇక్కడ నా ఘనకార్యం చెప్పాలి. "పెట్టేసెయ్ వదినా సంతకం. వాడు బతికాడుగా. వీసా వాళ్ళది, ఉద్యోగం వాళ్ళది. నీకెందుకీ గొడవ?" అన్నాను. వదిన ఏమీ అనలేదు. "సరేలే" అని కాయితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా వృత్తిలో ఒక అలవాటుంది. ఏదైనా అర్థం కాకపోతే మాన్యువల్ చదువుతాం. చదవడం మొదలుపెట్టాను.

నాకు ముందు కనపడింది ఒక డాక్టరు కథ. సిరిల్ కరాబస్ అని దక్షిణాఫ్రికాకి చెందిన పిల్లల కేన్సర్ డాక్టరు. 2002లో అబుదాబిలో కొన్ని వారాల పాటు వేరే డాక్టరు బదులు పనిచేశాడు. అప్పుడు ఆయన వైద్యం చేసిన యెమెన్ పాప ఒకతి రక్త కేన్సర్‌తో చనిపోయింది. ఆయన ఇంటికెళ్ళిపోయాక ఇక్కడ కేసు నడిచి, ఆయన లేకుండానే శిక్ష పడింది. ఆ సంగతే ఆయనకి తెలీదు. పదేళ్ళ తర్వాత, 2012 ఆగస్టులో, దుబాయ్ ఎయిర్‌పోర్టులో విమానం మారుతుంటే పట్టుకున్నారు. అప్పటికి ఆయన వయసు 77. రెండు నెలలు జైల్లో ఉండి బెయిలు మీద బయటికొచ్చాడు. పాప వైద్యం ఫైలు నిపుణుల కమిటీ ముందుకి రావడానికే నెలలు పట్టింది. కమిటీ చూసి ఆయన తప్పేమీ లేదంది. 2013 మార్చిలో కోర్టు నిర్దోషి అని తీర్పిచ్చింది, ఇల్లు చేరేసరికి మే నెల. కమిటీకి ఫైలు చేతికొచ్చాకే చిక్కు విడింది. కాయితం మీద ఏముందన్నది ఎంత పెద్ద సంగతో నాకు అప్పుడు బుర్రకెక్కింది.

ఆ తర్వాత ఇక్కడి చట్టం చాలా మారింది. 2008 నాటి వైద్య బాధ్యత చట్టం స్థానంలో 2016లో కొత్తది వచ్చింది, 2023లో దానికి సవరణలు చేశారు. కొత్త చట్టం ప్రకారం నష్టపరిహారం కావాలన్నా సరే ముందు వైద్య బాధ్యత కమిటీ దగ్గరికే వెళ్ళాలి. ఆ కమిటీలో ఉండేది వైద్యులు, నిపుణులు. ఘోరమైన తప్పు జరిగిందని తుది నివేదిక రానిదే డాక్టర్నో నర్సునో అరెస్టు చెయ్యకూడదు. ఏది ఘోరమైన తప్పు, ఏది మామూలు తప్పు అన్నది 2019లో ఇచ్చిన నిబంధనల్లో విడిగా రాశారు. బీమా లేకుండా ప్రాక్టీసు చెయ్యకూడదు. ఫిర్యాదు ఎదుర్కొనేవాళ్ళకి ఇవన్నీ మంచి గొడుగులే.

మన దేశంలోనూ దాదాపు ఇదే దారి. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, సమర్థుడైన మరో డాక్టరు అభిప్రాయం లేకుండా డాక్టరు మీద క్రిమినల్ కేసు నడపొద్దనీ, మామూలు కేసుల్లో చేసినట్టు అరెస్టులు చెయ్యొద్దనీ చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యం వల్ల మరణం కలిగితే ఐదేళ్ళ దాకా శిక్ష, వైద్యం చేస్తుండగా రిజిస్టర్డ్ డాక్టరు వల్ల జరిగితే రెండేళ్ళ దాకా.

సరే, ఫిర్యాదు చేసిన కుర్రాడి సంగతేమిటి? ఇక్కడ కమిటీ నివేదిక నచ్చకపోతే గడువులోగా పై కమిటీకి వెళ్ళే హక్కు ఇద్దరికీ ఉంది, రోగికీ డాక్టరుకీ. ఇది చదివి మన దగ్గరా అంతే అనుకున్నాను. కాదు. 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో, రాష్ట్ర కౌన్సిల్ నిర్ణయం మీద పైకి అప్పీలుకి వెళ్ళొచ్చని డాక్టరుకే రాసి ఉంది. రోగి ఊసే లేదు. ఈ విషయంలో నైఫ్‌లో బెడ్‌స్పేసులో ఉండే కుర్రాడు నిజామాబాద్‌లో ఉండే వాళ్ళన్న కంటే ఒక మెట్టు పైనున్నాడు.

కానీ ఆ కుర్రాడి బాబాయి కొడుకు ఇంకో పని చేయబోయాడని తర్వాత తెలిసింది. డాక్టరు ఫోటో, పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో రాద్దామనుకున్నాడట. గదిలో ఎవరో పెద్దాయన ఆపాడు. ఆపడమే మంచిదైంది. ఇక్కడ 2021 నాటి సైబర్ నేరాల చట్టంలో ఆన్‌లైన్లో ఒకరి పరువు తీసేలా రాస్తే జైలు గానీ, 2,50,000 నుంచి 5,00,000 దిర్హాముల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. రాసింది నిజమే కదా అంటే సరిపోదు. అదే మాట అథారిటీకి ఫిర్యాదుగా రాస్తే అది హక్కు. మన చట్టంలోనూ ఈ తేడా ఎప్పట్నుంచో ఉంది. పరువునష్టం సెక్షన్‌కి ఉన్న మినహాయింపుల్లో ఎనిమిదోది అదే: విచారించే అధికారం ఉన్నవాళ్ళకి సదుద్దేశంతో చేసిన ఫిర్యాదు పరువునష్టం కిందికి రాదు. ఒకటే మాట, ఎవరికి చెప్పావన్న దాన్ని బట్టి హక్కో నేరమో అవుతుంది.

ఇక మూడో మనిషి, వదిన. ఫిర్యాదు ఆవిడ మీద కాదు, ఆవిడ చేసిందీ కాదు. చట్టాలన్నీ వెతికినా ఆవిడకి సరిపోయే గొడుగు నాకు దొరకలేదు. సాక్షుల రక్షణకి 2020లో ఇక్కడ ఒక ఫెడరల్ చట్టం తెచ్చారు, మన దగ్గర 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది. రెండూ ముఖ్యంగా నేర విచారణల్లో ప్రాణభయం ఉన్నవాళ్ళ కోసం. మా వదిన ప్రాణానికేం భయం లేదు, భయమల్లా వీసాకి. 2021 కార్మిక చట్టంలో, మంత్రిత్వ శాఖకి న్యాయమైన ఫిర్యాదు చేశాడనో కోర్టుకెక్కాడనో ఉద్యోగిని తీసేస్తే మూడు నెలల జీతం దాకా పరిహారం ఇప్పించొచ్చని ఉంది. పాస్‌పోర్టు లాక్కోకూడదనీ ఉంది. బావుంది. కానీ ఆరోగ్య శాఖ విచారణలో నిజం చెప్పినందుకు, గడువు తీరిన కాంట్రాక్టు మళ్ళీ రాయకపోతే? దానికి ఏ సెక్షనూ అడ్డు రాదు. తీసెయ్యడం వేరు, మళ్ళీ పిలవకపోవడం వేరు.

ఈ రక్షణ అసలు ఎక్కడైనా ఉందా అని చూస్తే అమెరికాలో కనపడింది. 1986లోనే అక్కడ ఒక ఫెడరల్ చట్టం చేశారు. డాక్టర్ల పనితీరు మీద విచారణ చేసే సంఘానికి సమాచారం ఇచ్చినవాళ్ళ మీద, తెలిసి అబద్ధం చెప్తే తప్ప, నష్టపరిహారం దావా నిలవదు. భేష్ అనుకునేలోపే టెక్సాస్ కథ దొరికింది. డాలస్‌లో ఉన్న మిత్రులు విని ఉంటారు. 2009లో కెర్మిట్ అనే చిన్న ఊళ్ళో ప్రభుత్వాసుపత్రిలో ఆన్ మిచెల్, విక్కీలిన్ గాల్ అని ఇద్దరు నర్సులు ఒక డాక్టరు మీద టెక్సాస్ మెడికల్ బోర్డుకి పేరు లేకుండా ఉత్తరం రాశారు. ఆ డాక్టరు వెళ్ళి తన స్నేహితుడికి చెప్పుకున్నాడు. ఆ స్నేహితుడు ఊరి షెరీఫ్. షెరీఫ్ ఆ ఉత్తరం ఎవరు రాశారో కూపీ లాగాడు. నర్సుల ఉద్యోగాలు పోయాయి, పదేళ్ళ దాకా జైలు పడగలిగే కేసు పెట్టారు. గాల్ మీద కేసు విచారణకి ముందే కొట్టేశారు. మిచెల్‌ని 2010 ఫిబ్రవరిలో జ్యూరీ గంట కూడా తీసుకోకుండా నిర్దోషి అని వదిలేసింది. తర్వాత ఇద్దరికీ కలిపి 7,50,000 డాలర్ల పరిహారం వచ్చింది, 2011లో షెరీఫ్‌కే శిక్ష పడింది. అదే ఏడాది టెక్సాస్‌లో నర్సుల రక్షణ చట్టాన్ని ఇంకా గట్టి చేశారు. అంతా సుఖాంతమే, కానీ ఆ ఇద్దరూ చాలా ఏళ్ళుగా చేస్తున్న ఉద్యోగాలు మాత్రం పోయాయి.

ఇంతలో మన హైదరాబాద్ కేసొకటి చదివాను. మలేరియా శాఖలో పనిచేసే వి.కిషన్ రావు గారి భార్యకి 2002లో జ్వరం వస్తే దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ఆస్పత్రిలో చేర్చారు. మలేరియా అయితే టైఫాయిడ్‌కి వైద్యం చేశారు. ఆవిడ చనిపోయింది. జిల్లా ఫోరం 2,00,000 రూపాయల పరిహారం ఇమ్మంది, పై కమిషన్లు కొట్టేశాయి, 2010లో సుప్రీంకోర్టు మళ్ళీ జిల్లా ఫోరం తీర్పే నిలబెట్టింది. ప్రతి కేసులోనూ బయటి నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని చెప్పిన తీర్పుగా దీన్ని లాయర్లు చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇంకో సంగతి పట్టుకుంది. ఆస్పత్రి తరఫున సాక్ష్యానికొచ్చిన డాక్టరే, తాను మలేరియాకి వైద్యం చెయ్యలేదని విచారణలో చెప్పేశాడు. జిల్లా ఫోరం ఆ మాటనే పట్టుకుంది. ఆస్పత్రి పక్షాన నిలబడి, ఆస్పత్రికి పనికిరాని ఒక్క నిజం చెప్పాడాయన. కొన్నేళ్ళ తర్వాత ఢిల్లీ తీర్పులోనూ ఆ మాట నిలిచింది.

తెల్లారి ఆరింటికి వదినకి ఫోన్ చేశాను. "సంతకం పెట్టావా?"

"ఇంకా లేదు. రాత్రంతా ఆ పిల్లాడి మొహమే కళ్ళల్లో. అక్కా అన్నాడయ్యా నన్ను."

"నిన్న నేనన్నది మర్చిపో. అది తప్పు మాట."

"అది నాకు నిన్ననే తెలుసులే" అంది. మరి ఏమీ అనలేదేం అంటే, "నువ్వూ భయపడ్డావు, నేనూ భయపడ్డాను. ఇద్దరం ఒకేసారి తిట్టుకుంటే చాయ్ చల్లారిపోద్ది" అంది.

ఆవిడకి ఇంకో ఆలోచన వచ్చింది. ఆ రోజు స్క్రీను ఫోనులో ఫోటో తీసి దాచుకుంటే సాక్ష్యంగా ఉంటుంది కదా అని. వద్దే వద్దన్నాను. రోగుల సమాచారం గురించి 2019లో ఇక్కడ ప్రత్యేక చట్టమే ఉంది. రోగి వివరాలు సొంత ఫోనులోకి ఎక్కించడమంటే నిజం చెప్పబోయి కొత్త తప్పు మెడకి చుట్టుకోవడమే. సిస్టమ్‌లో ఎవరు ఎప్పుడు ఏం టైపు చేశారో లాగ్ ఉంటుంది, కమిటీ అడిగితే అదే బయటికొస్తుంది అని చెప్పాను. ఇన్నేళ్ళ నా చదువు ఆ ఒక్క మాటకి పనికొచ్చింది.

వదిన తన వాంగ్మూలం తనే రాసుకుంది. ఐదు వాక్యాలు. కుర్రాడు అన్న మాట తెలుగులో అన్నట్టే, పక్కన దాని ఇంగ్లీషు అర్థం. డాక్టరు గారికి నోటితో చెప్పాను. ఆయన తల ఊపారు, విన్నారో లేదో నాకు తెలియదు. కంప్యూటర్లో ఎక్కించలేదు, అది నా పొరపాటు. ఆ చివరి వాక్యం తీసేద్దామా అని నేనడిగాను. "అది తీసేస్తే మిగతావి ఎవరు నమ్ముతారు?" అంది. ఇంత చదివినా నాకు తట్టని పాయింటు అది. మా సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ పడిపోతే తర్వాత కూర్చుని, ఎవర్నీ నిందించకుండా ఎక్కడ జారిందో రాసుకోవాలని పెద్ద పెద్ద డాక్యుమెంట్లున్నాయి. అందులో తన తప్పు ముందు రాసుకున్నవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు, నాతో కలిపి.

మేనేజరు కోప్పడలేదు. చదివి, "ఓకే సిస్టర్" అన్నాడంతే. కమిటీ పిలిస్తే వెళ్ళి అదే చెప్పింది. కొన్నాళ్ళకి తేలింది: తప్పు జరిగింది గానీ ఘోరమైన తప్పు కాదు. డాక్టరు జైలుకెళ్ళలేదు, ఇప్పటికీ ప్రాక్టీసు చేస్తున్నాడు. వదినకి రికార్డు రాయడంలో అశ్రద్ధకి ఒక హెచ్చరిక. కుర్రాడి మాట అబద్ధం కాదని కాయితం మీద మిగిలింది.

ఎనిమిది నెలల తర్వాత కాంట్రాక్టు గడువు తీరింది. కొత్తది ఇవ్వలేదు. కారణం చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. నేను భయపడ్డ సందులోంచే వచ్చింది దెబ్బ. రెండున్నర నెలలు వదిన ఖాళీగా ఉంది. కొత్తచోట చేరాలంటే మంచి నడవడి సర్టిఫికెట్టు, లైసెన్సు బదిలీ, వాటి కోసం తిరుగుళ్ళు. ఊళ్ళో కూతురి ఇంటర్ ఫీజు నేను కట్టాను, రెండో జీతం రాగానే తిరిగిచ్చేసింది. వద్దంటే వినలేదు. కొత్త క్లినిక్‌లో పాతచోట ఎందుకు మానేశావని అడిగితే, "కాంట్రాక్టు అయిపోయింది" అని చెప్పిందట. అదీ నిజమే కదా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అదండీ సంగతి. ఈ విచారణల్లో డాక్టరుకి రక్షణ ఉంది, ఉండాలి. ఫిర్యాదు చేసినవాళ్ళకి ఎంతో కొంత ఉంది, మన దగ్గర ఇంకా పెరగాలి. ఆ గదిలో ఉండి, చూసి, విని, నిజం చెప్పిన నర్సుకీ ఆయాకీ కాంపౌండరుకీ మాత్రం చట్టం ఒక నమస్కారం పెట్టి ఊరుకుంటోంది. విచారణలో నిజం చెప్పినవాళ్ళ కాంట్రాక్టు ఒక ఏడాది పాటు కారణం చెప్పకుండా ఆపకూడదు అని ఒక్క వాక్యం ఎక్కడైనా రాస్తే చాలు. అది రాసే దాకా వాళ్ళకున్న రక్షణ అప్పటికప్పుడు వాళ్ళు కంప్యూటర్లో రాసుకున్న అక్షరాలే.

మొన్న కొత్త క్లినిక్‌కి జలుబు మందుకని వెళ్ళాను. వదిన నన్ను గుర్తుపట్టనట్టే మొహం పెట్టి, "అలర్జీలున్నాయా?" అంది. "చిన్నప్పట్నుంచీ చూస్తున్నావుగా" అన్నాను. లోపల్నుంచి డాక్టరు పిలుస్తున్నాడు. "ఒక్క నిమిషం సార్" అని, నేను లేవని చెప్పేదాకా ఆగి, గడిలో టైపు చేసి, అప్పుడు లేచింది.